తీసివేసేటప్పుడు ఏ ప్యాకేజీ మేనేజర్ ఏం చేస్తుంది: లినక్స్ వాడేవారికి ఒక పోలిక, ఎంపిక సలహా

ఒక వీడియో ఎడిటర్‌ను ఇన్‌స్టాల్ చేశారనుకుందాం. దానితోపాటు ముప్పై నలభై లైబ్రరీలు వచ్చాయి, వాటిలో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో మార్పిడి సాధనం కూడా ఉంది. ఆరు నెలలు గడిచేసరికి ఎడిటర్‌తో పని తీరిపోయింది. అయితే ఈలోగా ఫోన్‌లో తీసిన వీడియోల సైజు తగ్గించడానికి మీరు ఒక చిన్న స్క్రిప్ట్ రాసుకున్నారు, అది రోజూ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌నే పిలుస్తోంది. ఇప్పుడు ఎడిటర్‌ను తీసివేయమని కమాండ్ ఇస్తే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉంటుందా, పోతుందా?

దీనికి ఒకే సమాధానం లేదు. వేరే ప్యాకేజీ ఏదీ దాన్ని కోరడం లేదనుకుంటే, లినక్స్ రకాల్లో (వీటినే డిస్ట్రిబ్యూషన్లు అంటారు) ఒకటైన డెబియన్‌లో ఆ రోజుకు ఉంటుంది, తరువాత ఎప్పుడో మీరు శుభ్రం చేసిన రోజున పోతుంది. ఫెడోరాలో ఎడిటర్‌తోపాటే వెళ్లిపోతుంది. ఆర్చ్‌లో మీరు కమాండ్‌కు ఏ అక్షరాలు జోడించారన్నదాన్ని బట్టి ఉంటుంది. మీ స్క్రిప్ట్ సంగతి మాత్రం ఏ ప్యాకేజీ మేనేజర్‌కూ (సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా పెట్టి తీసే ప్రోగ్రామ్‌కూ) తెలియదు, ఎందుకంటే అది ఏ ప్యాకేజీలోనూ భాగం కాదు. ఏ డిస్ట్రిబ్యూషన్‌ను ఎంచుకోవాలో తేల్చుకోలేనివారు డెస్క్‌టాప్ రూపాన్ని, సాఫ్ట్‌వేర్ కొత్తదనాన్ని పోల్చి చూస్తారు గాని ఈ తీసివేత తీరును పోల్చరు. కొన్నేళ్లపాటు ఒకే యంత్రాన్ని నడపదలచినవారికి ఇది ఆ రెండింటికంటే తక్కువ ముఖ్యమైన విషయమేమీ కాదని నా అభిప్రాయం.

## ముందుగా చూడవలసిన ప్రమాణాలు

ఒక ప్యాకేజీని తీసివేస్తున్నప్పుడు రెండు దిక్కులా చూడాలి. ఆ ప్యాకేజీపై ఆధారపడినవి పైవైపు ఉంటాయి, ఆ ప్యాకేజీ తాను ఆధారపడినవి కిందివైపు ఉంటాయి. పైవైపు ఉన్నవాటి విషయంలో మేనేజర్‌కు రెండు దారులే ఉన్నాయి. ‘ఇది ఫలానాదానికి అవసరం, తీయను’ అని నిరాకరించవచ్చు, లేదా ‘అయితే వాటినీ కలిపి తీస్తాను’ అనవచ్చు. మొదటిది విసుగు పుట్టిస్తుంది, రెండోది జాబితా చదవకుండా ఒప్పుకునేవారికి నష్టం కలిగిస్తుంది.

కిందివైపు వ్యవహారం మరింత సున్నితమైనది. పెళ్లి అయిపోయాక వంటశాలలో మిగిలిన గిన్నెల్లో ఏవి అద్దెకు తెచ్చినవో, ఏవి ఇంటివో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే మన ఇళ్లలో గిన్నెల మీద పేర్లు చెక్కిస్తారు, లేదా సామాను వచ్చిన రోజునే జాబితా రాసుకుంటారు. ప్యాకేజీ మేనేజర్లు కూడా సరిగ్గా ఈ రెండు పద్ధతుల్లోనే పనిచేస్తాయి. కొన్ని ప్రతి ప్యాకేజీ మీదా ‘ఇది వాడుకరి కోరి పెట్టినది’ లేదా ‘ఇది వేరొకదాని కోసం దానంతటది వచ్చినది’ అనే గుర్తు వేస్తాయి. మరికొన్ని వాడుకరి కోరినవాటి పేర్లను మాత్రమే ఒక జాబితాగా ఉంచుకుని, ఆ జాబితాకు అవసరం లేనిదంతా తీసివేయదగినదేనని లెక్కిస్తాయి. తీసివేత సవ్యంగా జరుగుతుందా లేదా అన్నది తీసివేసే రోజున నిర్ణయమయ్యేది కాదు. పెట్టిన రోజున రాసుకున్న ఈ కారణం ఎంత నిజమో, ఆ తరువాత మీ అవసరం మారినప్పుడు దాన్ని ఎంత నిజంగా ఉంచుకున్నారో, అంతవరకే తీసివేత సవ్యంగా ఉంటుంది. కింది పోలిక అంతటికీ నేను పట్టుకున్న కొలబద్ద ఇదే.

వీటికి మరో మూడు ప్రమాణాలు జోడించాలి. ఒకటి, ‘తప్పనిసరి కాదు గాని ఉంటే మంచిది’ అనే బలహీన డిపెండెన్సీలను (ఒక ప్యాకేజీ ఆధారపడే ఇతర ప్యాకేజీలే డిపెండెన్సీలు) మేనేజర్ ఎలా చూస్తుంది. రెండు, కాన్ఫిగరేషన్ ఫైళ్లు (వ్యవస్థ మొత్తానికి వర్తించే సెట్టింగులు ఉండేవి) ఏమవుతాయి. మూడు, పొరపాటు జరిగితే వెనక్కు తిరిగే దారి ఉందా. మీ హోమ్ డైరెక్టరీలో ప్రోగ్రామ్‌లు రాసుకునే సెట్టింగుల ఫైళ్లను మాత్రం ఇక్కడ పోల్చిన సంప్రదాయ మేనేజర్లలో ఏదీ ముట్టుకోదు కనుక వాటిని పోలికలోకి తేవడం లేదు.

| మేనేజర్ | పైవైపు ఆధారపడినవి ఉంటే | కిందివైపు అక్కరలేనివి | కారణాన్ని గుర్తుంచుకునే తీరు |
|---|---|---|---|
| ఆప్ట్ | జాబితా చూపి వాటినీ తీస్తుంది | విడిగా అడిగినప్పుడు తీస్తుంది | ప్రతి ప్యాకేజీకీ గుర్తు |
| డీఎన్‌ఎఫ్ | జాబితా చూపి వాటినీ తీస్తుంది | అదే కమాండ్‌తో తీస్తుంది | ప్రతి ప్యాకేజీకీ గుర్తు |
| జిప్పర్ | జాబితా చూపి వాటినీ తీస్తుంది | ఆప్షన్ ఇస్తేనే తీస్తుంది | వాటంతటవి వచ్చినవాటి జాబితా |
| ప్యాక్‌మ్యాన్ | నిరాకరిస్తుంది | ఆప్షన్ ఇస్తేనే తీస్తుంది | ప్రతి ప్యాకేజీకీ గుర్తు |
| పోర్టేజ్, డెప్‌క్లీన్ అనే తీసివేత కమాండ్‌తో | తీయకుండా వదిలేస్తుంది | పేరు లేకుండా డెప్‌క్లీన్ నడిపినప్పుడు తీస్తుంది | కోరినవాటి జాబితా |
| ఏపీకే | కోరిక జాబితా నుంచి తప్పించి, ప్యాకేజీని ఉంచుతుంది | అదే కమాండ్‌తో తీస్తుంది | కోరినవాటి జాబితా |
| నిక్స్ | ఈ సమస్యే తలెత్తదు | చెత్త సేకరణ నడిపినప్పుడు తీస్తుంది | ప్రొఫైళ్లు, వాటి తరాలు |

## ఆప్ట్: డెబియన్, ఉబుంటు, మింట్

డెబియన్ కుటుంబంలో రెండు అంతస్తులున్నాయి. అడుగున ఉండే డీపీకేజీ పైవైపు ఆధారపడినవి ఉంటే తీసివేతను నిరాకరిస్తుంది. దాని మీద ఉండే ఆప్ట్ నిరాకరించదు, ఆధారపడిన ప్రతిదాన్నీ తీసివేత జాబితాలో చేర్చి మీ ముందుంచుతుంది. ‘రిమూవ్’ అనగానే వచ్చే ఆ జాబితాలో మీరు అడగని పేర్లు ఉండవచ్చునన్న సంగతి డెబియన్ వాడేవారు మొట్టమొదట నేర్చుకోవలసిన పాఠం.

కిందివైపు మాత్రం ఆప్ట్ ఎంతో ఓపిక పడుతుంది. ఎడిటర్‌ను తీసేశాక, ‘ఈ కింది ప్యాకేజీలు వాటంతటవి వచ్చినవి, ఇప్పుడు అక్కరలేదు’ అని సూచించి ఊరుకుంటుంది. మీరు ‘ఆటోరిమూవ్’ అన్నప్పుడే వాటిని తీస్తుంది. ఈ రెండు అడుగుల పద్ధతి మంచిదే, ఎందుకంటే తీసివేతకూ శుభ్రతకూ మధ్య ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. కానీ దాని లోపం కూడా ఆ వ్యవధిలోనే ఉంది. సూచన నెలల తరబడి ప్రతి కమాండ్ కింద కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని చదవడం మానేస్తాం, ఒకనాడు డిస్క్ నిండిందని ఆటోరిమూవ్ నడిపితే నాలుగైదు వేరువేరు తీసివేతల శేషమంతా ఒకే పెద్ద జాబితాగా ఎదురవుతుంది. అప్పటికి ఏది ఎందుకు వచ్చిందో గుర్తుండదు. నేను సోర్స్ కోడ్ నుంచి స్వయంగా కంపైల్ చేసుకున్న (నడిచే రూపంలోకి మార్చుకున్న) ఒక ప్రోగ్రామ్ ఇలాగే ఒక ఆటోరిమూవ్ తరువాత లైబ్రరీ దొరకలేదంటూ ఆగిపోయింది. ఆ లైబ్రరీని వేరే ప్యాకేజీ తెచ్చింది, నా ప్రోగ్రామ్ దాన్ని వాడుకుంటోందని ఆప్ట్‌కు తెలిసే దారి లేదు.

బలహీన డిపెండెన్సీల విషయంలో ఆప్ట్ ఉదారంగా ఉంటుంది. ఒక ప్యాకేజీ సిఫారసు చేసినవాటిని మామూలుగానే ఇన్‌స్టాల్ చేస్తుంది. తీసేటప్పుడు మాత్రం, ఇన్‌స్టాల్ అయి ఉన్న ఏ ఒక్క ప్యాకేజీ అయినా ఒకదాన్ని సిఫారసు చేస్తున్నా, కేవలం సూచిస్తున్నా సరే, ఆటోరిమూవ్ దాన్ని ముట్టుకోదు. దీనివల్ల ఏళ్లు గడిచిన డెబియన్ యంత్రంలో అడుగున కొంత మడ్డి పేరుకుపోతుంది. పగలడం కంటే పేరుకుపోవడం నయమన్నది డెబియన్ ఎంపిక, సర్వర్ల విషయంలో నేనూ దాన్నే సమర్థిస్తాను.

మెటాప్యాకేజీల గురించి కొంత వివరంగా చెప్పాలి. డెబియన్‌లోని ‘గ్నోమ్’ వంటి ప్యాకేజీలో ప్రోగ్రామ్ ఏదీ ఉండదు. అది అనేక ప్యాకేజీలపై ఆధారపడుతూ వాటన్నిటినీ ఒకే పేరుతో తెచ్చిపెడుతుంది, అంతే. వాటిలో తప్పనిసరి డిపెండెన్సీ అయిన ఒక్కదాన్ని తీసినా, పైవైపు నియమం ప్రకారం మెటాప్యాకేజీ కూడా తీసివేత జాబితాలో చేరుతుంది. దానివల్ల అప్పటికప్పుడు ఏమీ చెడదు. కానీ దాని మూలంగా వచ్చిన మిగతావన్నీ దిక్కులేనివిగా కనిపించే ప్రమాదం ఉంది. డెబియన్ సెట్టింగుల్లో మెటాప్యాకేజీల విభాగానికి ఒక ప్రత్యేక మినహాయింపు ఉన్నప్పటికీ, అది విభాగం పేరును బట్టి పనిచేసేది కనుక బయటి రిపోజిటరీల (ప్యాకేజీలు దొరికే భాండాగారాల) నుంచి వచ్చిన మెటాప్యాకేజీలన్నిటికీ ఆ రక్షణ అందుతుందని అనుకోకూడదు.

రక్షణ మాటకొస్తే, 2021 నవంబరులో ఒక ప్రముఖ వీడియో చానెల్‌లో అందరూ చూసిన సంఘటనను గుర్తుచేసుకోవాలి. ఉబుంటు ఆధారిత పాప్ ఓఎస్‌లో ఆటల వేదిక స్టీమ్‌ను ఇన్‌స్టాల్ చేయబోతే, డిపెండెన్సీల పొంతన కుదరక, ఆప్ట్ డెస్క్‌టాప్‌నే తీసివేత జాబితాలో పెట్టింది. ‘యెస్, డూ యాజ్ ఐ సే!’ అని అక్షరం పొల్లుపోకుండా టైప్ చేయమని అడిగింది, వాడుకరి టైప్ చేశారు, డెస్క్‌టాప్ పోయింది. ఇన్‌స్టాల్ కూడా తీసివేతగా మారగలదని ఇది చూపించింది. ఆ తరువాతి వెర్షన్లలో ఆప్ట్ ఆ వాక్యాన్ని అడగడం మానేసి, విడిగా ఒక ఆప్షన్ ఇస్తే తప్ప అత్యవసర ప్యాకేజీలను తీయకుండా తప్పు చూపి ఆగిపోతోంది. ఇది మంచి మార్పు.

కాన్ఫిగరేషన్ ఫైళ్లను ‘రిమూవ్’ అలాగే ఉంచుతుంది, ‘పర్జ్’ తుడిచేస్తుంది. సర్వర్‌లో ఒక సేవను తాత్కాలికంగా తీసి మళ్లీ పెట్టేవారికి ఈ తేడా నిజంగా పనికొస్తుంది. ఏం తీసిందీ ఆప్ట్ తన చరిత్ర లాగ్‌లో తేదీతో సహా రాస్తుంది గాని, డెబియన్ 13 వరకూ వచ్చిన స్థిర విడుదలల్లో దాన్ని వెనక్కు తిప్పే కమాండ్ లేదు. లాగ్ చూసి చేత్తో మళ్లీ పెట్టుకోవాలి.

## డీఎన్‌ఎఫ్: ఫెడోరా, రెడ్‌హ్యాట్ కుటుంబం

ఫెడోరాలో 2015లో 22వ విడుదలతో యమ్ స్థానంలోకి డీఎన్‌ఎఫ్ వచ్చినప్పుడు మారినవాటిలో తీసివేత తీరు ఒకటి. తీసినదాని కింద అక్కరలేకుండా పోయినవాటిని కూడా తీయాలా అనే సెట్టింగ్ యమ్‌లో మామూలుగా ఆఫ్‌లో ఉండేది, డీఎన్‌ఎఫ్‌లో ఆన్‌లో ఉంటుంది. అంటే ఎడిటర్‌ను తీసిన కమాండే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌నూ తీసేస్తుంది. యమ్‌కు అలవాటుపడినవారు రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ 8కి మారినప్పుడు, కమాండ్ పేరు యమ్ అనే కనిపించినా లోపల నడిచేది డీఎన్‌ఎఫ్ అని గమనించకపోతే ఆశ్చర్యపోతారు.

ఈ పద్ధతిలో నాకు నచ్చే విషయం ఒకటుంది. కారణమూ ఫలితమూ ఒకే తెర మీద కనిపిస్తాయి. ఎడిటర్‌ను తీస్తున్నప్పుడే ‘వాడుకలో లేని డిపెండెన్సీలు’ అనే శీర్షిక కింద ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ పేరు విడిగా వస్తుంది కనుక, దానికీ ఎడిటర్‌కూ ఉన్న సంబంధం మీ మనసులో తాజాగా ఉండగానే నిర్ణయం తీసుకోవచ్చు. పైగా డీఎన్‌ఎఫ్ అడిగే ప్రశ్నకు ఏమీ టైప్ చేయకుండా ఎంటర్ నొక్కితే ‘వద్దు’ అనే అర్థం. చదవకుండా ముందుకెళ్లే అలవాటుకు ఇది చిన్న అడ్డుకట్ట.

రక్షణ కూడా గట్టిదే. డీఎన్‌ఎఫ్ తనను తాను, రక్షిత జాబితాలో ఉన్న ప్యాకేజీలను, ప్రస్తుతం నడుస్తున్న కెర్నెల్‌ను తీయనివ్వదు. అన్నిటికంటే విలువైనది చరిత్ర. ప్రతి లావాదేవీకీ ఒక సంఖ్య ఉంటుంది, ‘హిస్టరీ అన్‌డూ’ అని ఆ సంఖ్య ఇస్తే తీసినవన్నీ మళ్లీ వస్తాయి. దీనికి ఒక పరిమితి ఉంది: తీసిన వెర్షన్ రిపోజిటరీలో ఇంకా దొరకాలి. ఫెడోరాలో అప్‌డేట్లు వేగంగా వస్తాయి కనుక, నిన్నటి పొరపాటు సులభంగా సరిదిద్దుకోవచ్చు గాని ఆరు నెలల కిందటిదానికి అంత హామీ లేదు.

కిందివాటిని ఈసారికి వదిలేయమనడానికి కూడా ఒక ఆప్షన్ ఉంది. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఫెడోరా 41 నుంచి డీఎన్‌ఎఫ్ 5 మామూలు మేనేజర్ అయింది, కొన్ని ఉపకమాండ్ల పేర్లు మారాయి. ఒక ప్యాకేజీని కోరి పెట్టినదిగా గుర్తించడానికి పాత వెర్షన్‌లో ‘మార్క్ ఇన్‌స్టాల్’ అన్నది కొత్తదానిలో ‘మార్క్ యూజర్’ అయింది. పాత సలహాలను చూసి టైప్ చేసేవారు ముందు తమ వెర్షన్ ఏదో చూసుకోవడం అవసరం.

డీఎన్‌ఎఫ్ అడుగున ఉండే ఆర్‌పీఎం కమాండ్‌తో నేరుగా పెట్టిన ప్యాకేజీలను డీఎన్‌ఎఫ్ మీరు కోరి పెట్టినవిగానే పరిగణిస్తుంది కనుక వాటిని తనంతట తాను తీయదు. మీరు మార్చిన కాన్ఫిగరేషన్ ఫైళ్లు, ప్యాకేజీలో అలా గుర్తించి ఉంటే, ‘ఆర్‌పీఎంసేవ్’ అనే తోకతో మిగులుతాయి.

## జిప్పర్: ఓపెన్‌సూసే

జిప్పర్ పైవైపు డీఎన్‌ఎఫ్‌లా, కిందివైపు ఆప్ట్‌లా ఉంటుంది. శుభ్రం చేయాలంటే ‘క్లీన్ డెప్స్’ అనే ఆప్షన్ ఇవ్వాలి. దాని ప్రత్యేకత మేనేజర్‌లో కాదు, ఫైల్‌సిస్టమ్‌లో ఉంది. ఓపెన్‌సూసే మామూలు అమరికలో రూట్ పార్టిషన్ (వ్యవస్థ ఫైళ్లుండే భాగం) బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ మీద ఉంటుంది, ప్రతి జిప్పర్ లావాదేవీకి ముందూ వెనుకా స్నాపర్ అనే సాధనం ఒక్కో స్నాప్‌షాట్ (ఆ క్షణపు స్థితికి నకలు) తీస్తుంది. శుభ్రం చేసినప్పుడు పోయిన లైబ్రరీయే కాదు, దాని కాన్ఫిగరేషన్ కూడా నిన్నటి స్థితిలో తిరిగి దొరుకుతుంది, రిపోజిటరీలో పాత వెర్షన్ ఉందా లేదా అన్న దిగులు ఉండదు. చిన్న రూట్ పార్టిషన్ ఉన్నప్పుడు మాత్రం ఇన్‌స్టాలర్ ఈ సదుపాయాన్ని ఆన్ చేయకపోవచ్చు కనుక ఇన్‌స్టాల్ చేసేటప్పుడే చూసుకోవాలి.

## ప్యాక్‌మ్యాన్: ఆర్చ్, దాని సంతతి

ప్యాక్‌మ్యాన్ మీ తరఫున ఏదీ ఊహించదు. పెద్దక్షరపు ‘ఆర్’ ఒక్కటే ఇస్తే మీరు చెప్పిన ప్యాకేజీని మాత్రమే తీస్తుంది, దానిపై ఆధారపడినవి ఉంటే వాటి పేర్లు చెప్పి నిరాకరిస్తుంది. చిన్నక్షరపు ‘ఎస్’ జోడిస్తే, ఇతరులకు అవసరం లేనివి, మీరు కోరి పెట్టనివి అయిన డిపెండెన్సీలనూ తీస్తుంది. ఆ ‘ఎస్’ను రెండుసార్లు ఇస్తే మీరు కోరి పెట్టిన డిపెండెన్సీలు కూడా పోతాయి. ‘సి’ జోడిస్తే పైవైపు ఆధారపడినవన్నీ గొలుసుగా పోతాయి. ‘ఎన్’ జోడిస్తే మీరు మార్చిన కాన్ఫిగరేషన్ ఫైళ్లను ‘ప్యాక్‌సేవ్’ తోకతో దాచకుండా తుడిచేస్తుంది. ‘డి’ని రెండుసార్లు ఇస్తే డిపెండెన్సీల తనిఖీనే మానేస్తుంది, చివరిదాన్ని ఏం జరుగుతుందో పూర్తిగా తెలిసినవారు తప్ప వాడకూడదు.

ఒక్కో అక్షరానికి ఒక్కో అర్థం ఉండటం నేర్చుకునేవారికి భారమే. అయినా ఆలోచించి చూస్తే, ఇతర మేనేజర్లు సెట్టింగుల్లో దాచిన నిర్ణయాలనే ప్యాక్‌మ్యాన్ మీ చేతివేళ్ల కిందకు తెచ్చింది. నేర్చుకున్నాక, ఏం జరగబోతోందో కమాండ్ చదివితేనే తెలిసిపోతుంది. నాకు ఇబ్బందిగా తోచేది వేరే ఉంది. చాలామంది ‘ఆర్’, ‘ఎన్’, ‘ఎస్’ మూడింటినీ ఒక మంత్రంలా కలిపి బట్టీపట్టి ప్రతిసారీ అదే టైప్ చేస్తారు, పైగా ప్యాక్‌మ్యాన్ ప్రశ్నకు ఉత్త ఎంటర్ నొక్కితే ‘అవును’ అని అర్థం. సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను అలా తీస్తే, గంటల తరబడి సరిచేసుకున్న కాన్ఫిగరేషన్ క్షణంలో పోతుంది.

ఐచ్ఛిక డిపెండెన్సీలను ప్యాక్‌మ్యాన్ తనంతట తాను ఇన్‌స్టాల్ చేయదు, పేర్లు చెప్పి వదిలేస్తుంది. కనుక ఆర్చ్‌లో మొదటి నుంచే తక్కువ పేరుకుంటుంది. అనాథ ప్యాకేజీల జాబితాను అడగడానికి పెద్దక్షరపు ‘క్యూ’తో పాటు చిన్నక్షరాల ‘డి’, ‘టి’ ఇవ్వాలి. మరొక ప్యాకేజీకి ఐచ్ఛికంగా పనికివచ్చేవి ఆ జాబితాలో రావు, ‘టి’ని రెండుసార్లు ఇస్తే అవీ వస్తాయి.

## జాబితా పద్ధతి: పోర్టేజ్, ఏపీకే

జెంటూలోని పోర్టేజ్, ఆల్పైన్‌లోని ఏపీకే రెండూ ‘వరల్డ్’ అనే పేరుతో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌ను ఉంచుకుంటాయి. మీరు కోరినవాటి పేర్లు మాత్రమే అందులో ఉంటాయి. గిన్నె గిన్నె మీదా పేరు చెక్కించడం కాదు ఇది, ఇంటి సామాను పుస్తకం ఒక్కటే రాసుకోవడం. దీనిలోని గొప్ప సౌకర్యం ఏమిటంటే ఆ ఫైల్‌ను తెరిచి చదవవచ్చు. వందలాది ప్యాకేజీలున్న యంత్రంలో మీ అసలు కోరికలు ఎన్నో, అవి ఏవో ఒక్క తెరలో కనిపిస్తాయి.

పోర్టేజ్‌లో తీసివేతకు రెండు దారులున్నాయి, వాటి మధ్య తేడా తెలియకపోవడం ప్రమాదకరం. ‘అన్‌మెర్జ్’ డిపెండెన్సీలను చూడకుండా తీసేస్తుంది, కొన్ని సెకన్లు లెక్కపెట్టి ఆగే అవకాశం ఇస్తుంది, అంతే. ‘డెప్‌క్లీన్’కు ఒక పేరు ఇస్తే, దానిపై మరేదీ ఆధారపడకపోతేనే తీస్తుంది. పేరు ఇవ్వకుండా నడిపితే, వరల్డ్ జాబితాకూ మౌలిక వ్యవస్థకూ చేరని ప్రతిదాన్నీ తీస్తుంది. అందుకే మొత్తం వ్యవస్థను లోతుగా అప్‌డేట్ చేసిన తరువాతే డెప్‌క్లీన్ నడపాలన్నది జెంటూలో స్థిరపడిన నియమం. కంపైల్ చేయడానికి మాత్రమే అవసరమైనవాటిని కూడా డెప్‌క్లీన్ మామూలుగా ఉంచుతుంది, లేకపోతే తరువాతి అప్‌డేట్‌కు వాటిని మళ్లీ కంపైల్ చేయవలసి వచ్చేది.

ఏపీకే మరింత నేరుగా పనిచేస్తుంది. ‘డెల్’ అంటే వరల్డ్ జాబితా నుంచి పేరు కొట్టేయడమే. ఆ తరువాత జాబితాకు అవసరం లేనిది అప్పటికప్పుడు పోతుంది, ఇంకా ఎవరికైనా అవసరమైతే ‘జాబితా మార్చాను గాని ఫలానా కారణం వల్ల తీయలేదు’ అని చెబుతుంది. కంటైనర్లు (ఒక ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో కలిపి కట్టిన మూటలు) తయారుచేసేవారికి ఇది చక్కగా అమరింది. కంపైలర్ మొదలైనవాటిని ఒక కల్పిత పేరు కింద కట్టగా పెట్టి, పని అయ్యాక ఆ ఒక్క పేరును తీస్తే కట్ట మొత్తం పోతుంది. ఈ రెండు పనులూ కంటైనర్ ఇమేజ్‌లోని ఒకే లేయర్‌లో (పొరలో) జరగాలి, లేకపోతే తీసినా ఇమేజ్ సైజు తగ్గదు.

## నిక్స్: ప్రశ్ననే మార్చిన పద్ధతి

నిక్స్‌లో ప్రతి ప్యాకేజీ తన పూర్తి డిపెండెన్సీల గుర్తింపును పేరులోనే మోసుకుంటూ స్టోర్‌లో విడి డైరెక్టరీగా ఉంటుంది. తీసివేయడమంటే మీ ప్రొఫైల్ (మీరు కోరినవాటి సమాహారం) కొత్త తరంలో, అంటే దాని కొత్త వెర్షన్‌లో, ఆ పేరు లేకుండా చేయడమే, ఫైళ్లు ఎక్కడికీ పోవు. ఏ తరమూ చేరుకోలేని డైరెక్టరీలను చెత్త సేకరణ నడిపినప్పుడు తుడిచేస్తుంది. ఒక ప్రోగ్రామ్‌ను తీయడం వల్ల మరో ప్యాకేజీ పగలడం అనేది ఇక్కడ జరగదు. నచ్చకపోతే పాత తరానికి వెళ్లిపోవచ్చు. అయితే పాత తరాలన్నిటినీ తుడవమని ఆప్షన్ ఇస్తే ఆ దారి మూసుకుపోతుంది. దీనికి చెల్లించే మూల్యం డిస్క్ స్థలం, కొత్తగా ఒక భాష నేర్చుకునే శ్రమ.

ఏ డిస్ట్రిబ్యూషన్‌లోనైనా యాప్‌లను పెట్టే ఫ్లాట్‌ప్యాక్ కూడా కొంతవరకు ఇదే దారి. యాప్‌ను తీస్తే దాని రన్‌టైమ్ (యాప్‌లు పంచుకునే లైబ్రరీల కట్ట) మిగిలిపోతుంది, ‘అన్‌యూజ్డ్’ అనే ఆప్షన్‌తో విడిగా శుభ్రం చేయాలి. యాప్ డేటా హోమ్‌లోనే ఉంటుంది, దాన్నీ తుడవాలంటే మరో ఆప్షన్ ఇవ్వాలి.

## ఎవరికి ఏది

తొలిసారి లినక్స్‌కు వస్తున్నవారికి, ఇంట్లో పలువురు వాడే ల్యాప్‌టాప్‌కు, మింట్ లేదా ఉబుంటు సరిపోతుంది. తీసివేతలో ఆప్ట్ చూపే ఓపిక, కొంత చెత్త మిగిల్చినా, నేర్చుకునే రోజుల్లో మేలు చేస్తుంది. ప్రోగ్రామ్‌లను తరచూ పెట్టి తీసి పరీక్షించే విద్యార్థులకు నేను ఫెడోరాను గాని ఓపెన్‌సూసేను గాని సూచిస్తాను. డిస్క్ చిన్నదైతే ఫెడోరా మంచిది, డిస్క్ సమృద్ధిగా ఉండి పొరపాట్లకు భయపడేవారైతే స్నాప్‌షాట్‌లున్న ఓపెన్‌సూసే మంచిది. ఈ రెండింటిలో ఒకటే చెప్పమంటే, స్నాప్‌షాట్‌లవైపే మొగ్గుతాను. ఎందుకంటే ఎంత జాగ్రత్తపరులైనా జాబితాను చదవని రోజు ఒకటి వస్తుంది.

స్వయంగా సోర్స్ నుంచి కంపైల్ చేసుకునేవారికి డీఎన్‌ఎఫ్ వెంటనే తీసే తీరు అన్నిటికంటే ఇబ్బంది పెడుతుంది. వారికి డెబియన్ లేదా ఆర్చ్ నయం, ఇంకా ఓపిక ఉంటే నిక్స్. చిన్న సంస్థ సర్వర్‌ను చూసుకునేవారికి, కాన్ఫిగరేషన్‌ను ఉంచి ప్రోగ్రామ్‌ను మాత్రమే తీసే డెబియన్ పద్ధతికీ, లావాదేవీల చరిత్ర ఉంచే రెడ్‌హ్యాట్ కుటుంబ పద్ధతికీ మధ్య ఎంపిక. ఇద్దరు ముగ్గురు నిర్వాహకులు ఒకే యంత్రం మీద పనిచేస్తుంటే చరిత్ర ఉన్నదే మేలు, ఎవరు ఏ రోజు ఏది తీశారో వెతకడం సులభం. కంటైనర్లకు ఏపీకే విషయంలో నాకు సందేహం లేదు, మీ సాఫ్ట్‌వేర్ ఆల్పైన్ వాడే సీ లైబ్రరీ (ప్రోగ్రామ్‌లకు అడుగున ఉండే మౌలిక లైబ్రరీ) మీద నడిచేదైతే చాలు.

## డిస్ట్రిబ్యూషన్ మార్చదలచుకోనివారికి

ఇప్పుడు వాడుతున్నదానిలోనే ఉంటూ, మొదట చెప్పిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటివాటిని కాపాడుకోవాలంటే ఒకే పని చేయాలి: అది మీకు స్వయంగా అవసరమైన రోజునే దాని కారణాన్ని మార్చి రాయించాలి. ఆప్ట్‌లో ‘ఆప్ట్ మార్క్ మాన్యువల్’ అని పేరు ఇవ్వండి, అప్పటికే ఉన్నదాన్ని మళ్లీ ‘ఇన్‌స్టాల్’ అన్నా ఆప్ట్ దాన్ని కోరి పెట్టినదిగా మారుస్తుంది. డీఎన్‌ఎఫ్ 5లో ‘మార్క్ యూజర్’ వాడాలి. ప్యాక్‌మ్యాన్‌లో పెద్దక్షరపు ‘డి’తో ‘యాజ్ ఎక్స్‌ప్లిసిట్’ అనే ఆప్షన్ ఇవ్వాలి. పోర్టేజ్‌లో ‘నోరీప్లేస్’ ఆప్షన్‌తో ఎమర్జ్ (పోర్టేజ్ కమాండ్) చేస్తే మళ్లీ కంపైల్ కాకుండానే వరల్డ్ జాబితాలో పేరు చేరుతుంది. ఏపీకేలో మామూలుగా ‘యాడ్’ అంటే చాలు.

తీసే ముందు ఉత్తుత్తి పరీక్ష కూడా చేసుకోవచ్చు. ఆప్ట్‌లోనూ ఏపీకేలోనూ చిన్నక్షరపు ‘ఎస్’, ఎమర్జ్‌లోనూ ప్యాక్‌మ్యాన్‌లోనూ చిన్నక్షరపు ‘పి’, జిప్పర్‌లో ‘డ్రై రన్’, డీఎన్‌ఎఫ్‌లో ‘అజ్యూమ్ నో’ ఇస్తే జాబితా కనిపిస్తుంది గాని ఏదీ పోదు. ఆ జాబితాలో మీ స్క్రిప్టులు పిలిచే పేరు ఏదైనా కనిపిస్తే, అక్కడే ఆగి ముందు దాన్ని మార్క్ చేసి, ఆ తరువాత అసలు కమాండ్ ఇవ్వండి.